బెరుకు పిల్లల జవాబుల్లో కనబడని వాక్యం

పదో తరగతిలో పెద్దగా నోరు విప్పని ఒక పిల్లాడి సోషల్ జవాబు పత్రం తీసి చూడండి. ఐదు మార్కుల ప్రశ్న కింద పది పన్నెండు వాక్యాలుంటాయి. ఒక్కటీ తప్పు కాదు. పేర్లు సరిగ్గానే ఉంటాయి, సంవత్సరాలూ సరిగ్గానే ఉంటాయి. అయినా ఐదుకి రెండున్నరో మూడో పడి ఉంటుంది. ఎందుకని అడిగితే “ఇంకొంచెం ఎలాబొరేట్‌గా రాయాలండి” అన్న సమాధానం వస్తుంది. పిల్లాడు తరవాతి పరీక్షలో ఇంకో నాలుగు పాయింట్లు చేరుస్తాడు. పేజీ నిండుతుంది, మార్కు కదలదు.

బెంగళూరు తెలుగిళ్ళలో ఈ జబ్బుకి రెండు మందులు వాడుతుంటారు. మొదటిది గైడు. అవెన్యూ రోడ్డులో కొనుక్కొచ్చి, అందులో ఉన్న జవాబుని ఉన్నదున్నట్టు బట్టీ పట్టించడం. ప్రశ్నలో ‘వివరించండి’ పోయి ‘సమర్థించండి’, ‘మీరు ఏకీభవిస్తారా’ లాంటివి రాగానే ఈ మందు పనిచేయదు. రెండోది ‘కాన్ఫిడెన్స్ పెంచడం’. స్టేజి ఎక్కించి మాట్లాడించడం, “నువ్వు చెయ్యగలవురా” అని భుజం తట్టడం, ఎండాకాలం సెలవుల్లో పబ్లిక్ స్పీకింగ్ క్లాసులో చేర్పించడం. నాకు పేచీ ఎక్కువగా ఈ రెండోదానితోనే. ధైర్యం వస్తే జవాబు బాగా రాస్తాడన్నది తలకిందుల లెక్క. జవాబులో ఏం తక్కువైందో వేలు పెట్టి చూపించి, ఆ తక్కువైనదాన్ని రాయడం చేతికి వచ్చేదాకా నేర్పితే, ధైర్యం దాని వెనకే వస్తుంది. తరగతిలో గలగలా మాట్లాడేవాళ్ళు కాగితం మీద తేలిపోవడం, మూలబెంచీ మీద ముడుచుకుని కూర్చునేవాళ్ళు దారి దొరికితే పద్ధతిగా రాయడం ఏ టీచరుకైనా తెలిసిన సంగతే. పైగా పరీక్ష హాల్లో ఎవరూ మాట్లాడకూడదు. అక్కడ నోరు లేకపోవడం లోటే కాదు.

తక్కువైనది ఏమిటో ఒక ప్రశ్న పట్టుకుని చూద్దాం. జవాబులు ఇంగ్లీషులో రాసేవే, వీలు కోసం తెలుగులో ఇస్తున్నాను.

‘గూడెం కొండల ఆదివాసులు స్వరాజ్యాన్ని గాంధీజీ చెప్పిన అర్థంలో తీసుకోలేదు. సమర్థించండి.’ పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ చరిత్రలో జాతీయోద్యమం పాఠం నుంచి రాదగ్గ ప్రశ్న. మన పిల్లలకి హుషారు తెప్పించే ప్రశ్న కూడా. అల్లూరి సీతారామరాజు పేరు కనబడగానే పెన్ను ఆగదు. సగటు జవాబు ఇలా ఉంటుంది:

“అల్లూరి సీతారామరాజు గొప్ప వీరుడు. ఆయన ఆంధ్రలోని గూడెం కొండల్లో పోరాడాడు. బ్రిటిషు ప్రభుత్వం అడవుల్ని మూసేసింది. ఆదివాసులు పశువులు మేపుకోలేకపోయారు, కట్టెలు, పండ్లు ఏరుకోలేకపోయారు. రోడ్లు వెయ్యడానికి వెట్టి చేయించారు. రాజు గాంధీజీని మెచ్చుకున్నాడు. ఖద్దరు కట్టమన్నాడు, తాగుడు మానమన్నాడు. పోలీసు స్టేషన్ల మీద దాడులు చేశారు. 1924లో ఆయన్ని పట్టుకుని చంపేశారు.”

అంతా నిజమే. కానీ అడిగింది రాజుగారి జీవితచరిత్ర కాదు. స్వరాజ్యమంటే వీళ్ళకి ఒకటి, గాంధీజీకి ఇంకొకటి అని తేల్చి చూపించమన్నారు. ఆ మాట జవాబులో ఎక్కడా లేదు. ఇప్పుడు అవే సంగతులతో ఇంకో జవాబు:

“గూడెం ఆదివాసులకి స్వరాజ్యమంటే ముందుగా తమ అడవి తమకి దక్కడం. ప్రభుత్వం వాళ్ళని పశువులు మేపుకోనివ్వలేదు, కట్టెలు, పండ్లు ఏరుకోనివ్వలేదు, పైగా రోడ్డు పనికి వెట్టి చేయించింది. పూట గడిచేది ఆ అడవి మీదే కాబట్టి, వాళ్ళ పోరాటం కౌన్సిళ్ళు, కోర్టులు వదిలెయ్యడం గురించి కాదు, బతుకుతెరువు గురించి. దారిలో కూడా తేడా ఉంది. సీతారామరాజు గాంధీజీని మెచ్చుకున్నాడు, ఖద్దరు కట్టమని, తాగుడు మానమని చెప్పాడు. అయినా దేశానికి విముక్తి బలప్రయోగంతోనే వస్తుందన్నాడు. తిరుగుబాటుదారులు పోలీసు స్టేషన్ల మీద దాడి చేశారు. అంటే గాంధీజీ పేరునీ ఆయన నియమాల్లో కొన్నిటినీ తీసుకున్నారు గానీ, ఆయనకి ప్రాణమైన అహింసని తీసుకోలేదు.”

కొత్తగా చేరిన సమాచారం పెద్దగా లేదు. మొదటి జవాబులోంచి గొప్ప వీరుడూ, 1924లో మరణమూ పోయాయి. ఆ రెండూ నిజమే అయినా ఇక్కడ పనికి రావు. చేరినవి ప్రధానంగా మూడు వాక్యాలు: మొదటిదీ, ‘పూట గడిచేది’ అన్నదీ, ‘అంటే’తో మొదలైనదీ. మొదటి వాక్యం ఏం నిరూపించబోతున్నాడో చెబుతుంది. మిగతా రెండూ, చెప్పిన ఆధారం ఆ మాటని ఎలా నిలబెడుతుందో చెబుతాయి. బెరుకు పిల్లల జవాబుల్లో కనబడనిది ఈ రెండో రకం వాక్యమే.

ఇది కొత్త సంగతేం కాదు. తర్కం నేర్పే మన న్యాయశాస్త్రంలో అనుమానానికి, అంటే కనబడేదాన్ని బట్టి కనబడనిదాన్ని తేల్చడానికి, ఐదు అవయవాలు చెప్పారు: ప్రతిజ్ఞ (నిరూపించబోయే మాట), హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. కొండ మీద నిప్పుంది, ఎందుకంటే పొగ ఉంది, పొగ ఉన్నచోట నిప్పుంటుంది వంటింట్లో లాగ, ఈ కొండ మీద ఉన్నది అలాంటి పొగే, కాబట్టి ఇక్కడ నిప్పుంది. ఇందులో నాలుగోది, ఉపనయం, పైకి చూస్తే చాదస్తంలా ఉంటుంది. పొగ కనబడుతోందని రెండో అడుగులోనే చెప్పాక మళ్ళీ ‘ఈ కొండ మీద ఉన్నది అలాంటి పొగే’ అనడం ఎందుకు? ఎందుకంటే వినేవాడు తనంతట తాను ఆ ముడి వేసుకుంటాడన్న నమ్మకం లేదు కాబట్టి. వేసుకోగలిగినా, వెయ్యాల్సిన బాధ్యత చెప్పేవాడిది.

పేపరు దిద్దేవాళ్ళ పరిస్థితీ అంతే. వాళ్ళకి పాఠం తెలుసు. గూడెం సంగతి పిల్లాడి కంటే వాళ్ళకే బాగా తెలుసు. కానీ వాళ్ళు చూడాల్సింది ఈ పిల్లాడికి తెలుసా అన్నది. బెరుకున్న పిల్లలు ఇక్కడే పొరబడతారు. “మిస్‌కి తెలిసిందే కదా, మళ్ళీ చెప్పాలా” అనుకుంటారు.

ఆ వాక్యం రాయకపోవడానికి ఇంకో రెండు కారణాలున్నాయి. మొదటిది పెంపకం. పెద్దవాళ్ళు ఏదన్నా అంటే ‘ఎందుకు’ అనకూడదు, ఎదురు చెప్పకూడదు అని ఇంట్లో నేర్పుతాం. పదిహేనేళ్ళు అలా పెరిగిన పిల్లని పరీక్షలో ‘ఈ మాటతో నువ్వు ఏకీభవిస్తావా’ అని అడిగితే ‘రెండు వైపులా మంచీ ఉంది, చెడూ ఉంది’ అని రాసి ఊరుకుంటుంది. అది ఆలోచన లేక కాదు, మర్యాద. సమర్థించడమంటే ఎవరితోనో పోట్లాడటం కాదని, చెప్పిన మాటకి పూచీ పడటమని ముందు చెప్పాలి. ఆడపిల్లలకి ఇది ఇంకో రెండుసార్లు చెప్పాలి.

రెండోది పాయింట్ల అలవాటు. కర్ణాటక ఎస్ఎస్ఎల్‌సీ (రాష్ట్ర బోర్డు పదో తరగతి) సోషల్ పేపర్లో మూడు మార్కుల ప్రశ్నకి ‘ఆరు వాక్యాల్లో లేదా ఆరు పాయింట్లలో’ అని, నాలుగు మార్కులదానికి ‘ఎనిమిది వాక్యాల్లో లేదా పాయింట్లలో’ అని అడుగుతారు. పిల్లలు వెంటనే లెక్క కట్టేస్తారు, పాయింటుకి అరమార్కు అని. ఆ పేపరు వరకు ఆ లెక్క బాగానే నడుస్తుంది, దాన్ని తప్పు పట్టను. చిక్కల్లా ఆ అలవాటుతోనే పీయూసీ(ఇంటర్)లోకో, మధ్యలో సీబీఎస్ఈ బడిలోకో వచ్చినప్పుడు. సీబీఎస్ఈ సోషల్‌లో రెండు మార్కులకి 40 మాటలు, మూడుకి 60, ఐదుకి 120 అని మాటల్లో కొలుస్తారు. పిల్లాడు 120 మాటల చోటుని పన్నెండు పాయింట్లతో నింపేస్తాడు. ఏ రెండింటికీ సంబంధం ఉండదు.

ఇక నేర్పడం ఎలా అన్నది. కాగితం కంటే ముందు నోటితో మొదలుపెట్టాలి, అదీ తెలుగులో.

బెంగళూరు తెలుగు పిల్లల నెత్తి మీద భాషల బరువు మామూలుగా లేదు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, బడిలో ఇంగ్లీషు. 2015 నాటి కన్నడ భాషా అభ్యసన చట్టం ప్రకారం ఏ బోర్డు బడిలోనైనా కన్నడ తప్పకుండా చదవాలి. అనంతపురం నుంచో కర్నూలు నుంచో ఏడో తరగతిలో వచ్చి చేరినవాడికి లిపి దగ్గరగా ఉండటం ఒక్కటే ఊరట. ఇలాంటి పిల్లాడిని సరాసరి ఇంగ్లీషులో వాదించమంటే వాడి బుర్రంతా వ్యాకరణం మీదే ఉంటుంది, వాదన మీద కాదు. రెండు బరువులూ ఒకేసారి ఎత్తించకూడదు. ముందు వాదన తెలుగులో, తరవాత దానికి ఇంగ్లీషు.

పాఠంలోది కాకుండా పిల్లలు కళ్ళారా చూసిన విషయం తీసుకోండి. 2024 ఎండాకాలంలో బోర్లు ఎండిపోయినప్పుడు, తాగే నీళ్ళతో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని బెంగళూరు జలమండలి ప్రకటించింది. అది న్యాయమేనా? ఒకరు చెప్పాలి. ఎదుటివాడికి ఒక్క మాటే అనుమతి: “అయితే ఏంటి?”

“న్యాయమే.”

“అయితే ఏంటి?”

“నీళ్ళు లేవు కదా అక్కా.”

“అయితే ఏంటి?”

“కారు మురికిగా ఉన్నా నడుస్తుంది. నీళ్ళు లేకపోతే ఇంట్లో వంటవదు.”

అదిగో, వచ్చేసింది. ‘నీళ్ళు లేవు’ అన్నది ఆధారం. ‘కారు మురికిగా ఉన్నా నడుస్తుంది’ అన్నది దానికి వేసిన ముడి. ఆ వాక్యాన్ని పిల్ల ఏ భాషలో చెబితే ఆ భాషలోనే, ఏ మాటలతో చెబితే ఆ మాటలతోనే బోర్డు మీద రాయాలి. అందం చెయ్యకూడదు. తను అన్న మాట బోర్డెక్కడం చూడటంలో ఉన్న బలం చప్పట్లలో లేదు. తరవాత అందరూ కలిసి దాన్ని ఇంగ్లీషు చెయ్యండి. రెండు నిమిషాల పని. ఆటని మూడు ‘అయితే ఏంటి’ల దగ్గర ఆపెయ్యాలి. నాలుగోదానికి పిల్లలకి విసుగొస్తుంది, జవాబులు వేదాంతంలోకి వెళ్ళిపోతాయి.

కాగితం మీదకి వచ్చాక మొత్తం జవాబు రాయించకండి. ఖాళీ పేజీయే సగం భయం. మొదటి రెండు వాక్యాలూ మీరే ఇవ్వండి, మూడోది ఒక్కటే వాళ్ళు రాయాలి. వారానికి మూడు రోజులు, రోజుకి 15 నిమిషాలు చాలు. మొదటి రెండు వారాలూ ఇంతే. తరవాతి రెండు వారాలు మొదటి వాక్యం మాత్రమే మీది, ఆధారమూ ముడీ వాళ్ళవి. ఐదో వారంలో ప్రశ్న ఒక్కటే ఇవ్వండి. చివరి నుంచి మొదటికి నేర్పడం ఇది. దీనివల్ల మొదటి రోజు నుంచే పిల్లాడి ముందు పూర్తయిన జవాబు ఉంటుంది, అందులో కష్టమైన వాక్యం తనదై ఉంటుంది.

ఉదాహరణకి: ‘పట్టణాల్లో సహాయ నిరాకరణోద్యమం క్రమంగా చల్లబడింది. ఖద్దరు మిల్లు గుడ్డ కంటే ఖరీదు.’ మూడో వాక్యం? చాలామంది ‘దీన్ని బట్టి ఖద్దరు ఖరీదైనదని తెలుస్తోంది’ అని రాస్తారు. ‘దిస్ షోస్ దట్’ అన్న మూడు మాటలు నేర్పగానే వచ్చే మొదటి రోగం ఇది. ముడి వేసినట్టే ఉంటుంది, వెయ్యదు. దీనికొక పరీక్ష ఉంది. మూడో వాక్యంలో మొదటి రెండిట్లోనూ లేని విషయం ఒక్కటన్నా ఉండాలి. ‘పేదవాళ్ళు రోజూ కట్టుకునే గుడ్డకి అంత పెట్టలేరు కాబట్టి మిల్లు గుడ్డని ఎక్కువకాలం వదిలెయ్యలేకపోయారు.’ ఇందులో పేదవాళ్ళు కొత్త, రోజూ అన్నది కొత్త. ముడి పడింది.

ఇదే పాఠంలో ఇంకో ఆధారం: వదిలేసిన బడులకీ కోర్టులకీ బదులుగా మన సంస్థలు త్వరగా లేవలేదు, దాంతో విద్యార్థులూ టీచర్లూ ప్రభుత్వ బడులకి, వకీళ్ళు కోర్టులకి మెల్లగా తిరిగి వెళ్ళారు. గైడులో ఖద్దరు సంగతీ ఇదీ రెండు వేరు వేరు పాయింట్లు. రెండిటికీ ముడి వెయ్యడం వచ్చిన పిల్లకి కొన్నాళ్ళకి ఒక సంగతి తనంతట తనకే తడుతుంది: రెండూ ఒకటే కదా, వదిలెయ్యమన్నవాటికి బదులు దొరకలేదు! అది ఇక పాయింటు కాదు, అభిప్రాయం. జవాబు మొదటి వాక్యం అదే అవ్వాలి. ‘సొంత అభిప్రాయం రాయి’ అని ఎంత బతిమాలినా రానిది ఇలా వస్తుంది.

అభ్యాసానికి ప్రశ్నలు వెతుక్కోనక్కర్లేదు. సీబీఎస్ఈ ఒక మార్కు ప్రశ్నల్లో అసర్షన్, రీజన్ రకం ఉంటుంది, ఒక మాటా దానికో కారణమూ ఇస్తారు. రెండూ నిజమే, రెండోది మొదటిదానికి సరైన వివరణ అన్నది ఒక ఆప్షన్. రెండూ నిజమే గానీ వివరణ కాదు అన్నది ఇంకొకటి. ఈ రెండో రకం జవాబు ఉన్న ప్రశ్నల్ని ఏరి పెట్టుకోండి. ‘నిజమే అయినా ఎందుకు వివరణ కాదు?’ అని ఒక్క వాక్యంలో రాయించండి. సైన్సుకీ సోషల్‌కీ రెండిటికీ పనికొస్తుంది. ట్యూషన్లలో వీటిని టిక్కు పెట్టి వదిలేస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

వాదన వరస గురించి ఒక మాట. ఎవరినైనా చేబదులు అడగాలంటే మనం ముందు పంటలు, వర్షాలు, అత్తగారి ఆపరేషను అన్నీ చెప్పుకుని చివరికి అసలు సంగతికి వస్తాం. పిల్లల జవాబులూ అలాగే నడుస్తాయి. నేపథ్యం, కారణాలు, చివరి వరసలో అసలు మాట. టైమైపోతే ఆ వరస కూడా ఉండదు. పరీక్షలో ప్రతిజ్ఞ ముందుండాలి, మొదటి 20 మాటల్లోపు. ప్రశ్నలోని మాటల్నే తిరగరాస్తే అది ప్రతిజ్ఞ కాదు. ‘గూడెం ఆదివాసులు స్వరాజ్యాన్ని వేరుగా అర్థం చేసుకున్నారు’ అంటే ప్రశ్న చెప్పినదే. ‘తమ అడవి తమకి దక్కడం’ అంటే జవాబు. 120 మాటల్లో 20 దీనికి, ఒక్కో ఆధారానికీ దాని ముడికీ కలిపి 40 చొప్పున 80, మిగిలిన 20 ఎదుటి వాదనకి. ‘ఇన్ టుడేస్ మోడర్న్ వరల్డ్’ అని మొదలయ్యే వాక్యానికి ఇందులో చోటు లేదు.

ఆ ఎదుటి వాదన, మనవాళ్ళు పూర్వపక్షం అన్నది, బెరుకు పిల్లలకి కత్తి మీద సాము. రాయమంటే దాన్నే బలంగా రాసి తమ వైపు వదిలేస్తారు. ‘అయితే కొంతమంది ట్యాంకరు నీళ్ళు కొనుక్కుని కడుక్కుంటారు, అది వాళ్ళ డబ్బు’ అని రాసి చుక్క పెట్టేస్తే, దిద్దేవాళ్ళ చెవిలో చివరిగా మిగిలేది ఎదుటివాడి మాటే. అందుకని పూర్వపక్షానికి విడిగా వాక్యం ఇవ్వనివ్వకండి. ‘అయినా’తో కలిసే వాక్యంలో మొదటి సగంలోనే అది అయిపోవాలి: ‘ట్యాంకరు నీళ్ళు సొంత డబ్బుతో కొన్నవే అయినా, అవీ ఈ నేల కింది బోర్ల నుంచే వస్తాయి.’ ఇంగ్లీషులో దీన్ని ‘ఆల్దో’తో రాయిస్తాం. అప్పుడు తెలుగు, కన్నడ పిల్లలు తప్పకుండా రెండో సగం ముందు ‘బట్’ పెడతారు. అదొక్కటి కొట్టేయిస్తే చాలు. మూడు మార్కుల ప్రశ్నల్లో పూర్వపక్షం జోలికి వెళ్ళనే వద్దు, చోటు చాలదు.

ఉత్తరాల సంగతి వేరు. పదో తరగతి సీబీఎస్ఈ ఇంగ్లీషులో ఫార్మల్ లెటర్‌కి ఐదు మార్కులు, సుమారు 120 మాటలు. ఇక్కడ పాఠం లేదు కాబట్టి పిల్లల దగ్గర ఆధారాలే ఉండవు. ‘మా ప్రాంతంలో చాలా రోజులుగా నీళ్ళ సమస్య తీవ్రంగా ఉంది, ప్రజలు ఎన్నో ఇబ్బందులు పడుతున్నారు, దయచేసి తగిన చర్య తీసుకోగలరు’ అని రాస్తారు. ఏ ఊరికైనా, ఏ సమస్యకైనా అతికే ఉత్తరం. ‘చాలా రోజులు’ అంటే ఎన్ని? ఏ వీధి? ఎవరికి ఏమైంది? అని అడిగితే వచ్చే జవాబు నిజాయితీగా ఉంటుంది: “అలా జరగలేదు కదా మిస్, లేనిది రాయొచ్చా?” రాయొచ్చు. ఉత్తరంలో వీధి పేరూ, రోజుల లెక్కా, ట్యాంకరు ధరా నమ్మదగ్గట్టు కల్పించుకోవచ్చు. చరిత్ర జవాబులో సంవత్సరం కల్పించకూడదు. ఈ తేడా విప్పి చెప్పకపోతే పద్ధతైన పిల్లలే ఎక్కువ నష్టపోతారు.

‘నాలుగో క్రాసులో పది రోజులుగా కావేరి నీళ్ళు రావడం లేదు. వీధి చివర అంగన్‌వాడీలో వంట ఆగిపోయింది. మూడో క్రాసుకి మాత్రం ఒక రోజు విడిచి ఒక రోజు వస్తున్నాయి కాబట్టి లోపం మా వీధి వాల్వులోనే ఉండాలి. శుక్రవారంలోగా మనిషిని పంపి చూపించండి.’ ఇందులో మూడో వాక్యం చూడండి. అదే ముడి. నీళ్ళు లేకపోవడానికి ఊరంతటి కొరత కారణం కాదని, మరమ్మతుతో పోయేదని ఒప్పిస్తోంది. అధికారి ‘అందరికీ అంతే’ అని తప్పించుకోవడానికి వీల్లేదు. ఎవరికి రాస్తున్నామో కూడా చూసుకోవాలి. నీళ్ళకి జలమండలి, కరెంటుకి బెస్కాం, బస్సులకి బీఎంటీసీ. చెత్త, రోడ్ల మీద ఉత్తరాలు పాత గైడుల్లో బీబీఎంపీ (నగరపాలక సంస్థ) కమిషనరుకే ఉంటాయి. 2025 సెప్టెంబరు నుంచి బీబీఎంపీ లేదు, దాని చోట గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లున్నాయి. ప్రశ్నలో ఎవరికి రాయమంటే వాళ్ళకే రాయాలనుకోండి, అది వేరే సంగతి.

ఇంగ్లీషు మాటలు ఎక్కువ ఇవ్వకండి. వాక్యాల్ని కలిపే మాటలంటూ ముప్ఫై కనెక్టర్ల చార్టు గోడకి అంటిస్తే పిల్లలు ‘మోరోవర్’, ‘ఫర్దర్‌మోర్’ మాత్రమే పట్టుకుంటారు, ఎందుకంటే వాటికి అర్థంతో పని లేదు, ఎక్కడైనా అతుకుతాయి. ఐదు చాలు: బికాజ్, సో, దిస్ మీన్స్, ఆల్దో, ఫర్ ఎగ్జాంపుల్. ‘మే బీ’, ‘ఇట్ ఈజ్ సెడ్ దట్’ లాంటి గోడ మీద పిల్లి మాటలు కొట్టేయించాలి. ‘వెరీ వెరీ ఇంపార్టెంట్’ కూడా. అది బలంగా చెప్పాలనుకుని కారణం దొరకనప్పుడు వచ్చే మాట.

దిద్దడంలో చేసే పొరపాటు అన్నిటికంటే ఖరీదైనది. పేజీలో ఇరవై ఎర్ర సున్నాలు చుడితే పిల్ల నేర్చుకునేది ఒకటే, తక్కువ రాస్తే తక్కువ తప్పులు. తరవాతి జవాబు చిన్నదైపోతుంది. జవాబుకి ఒక్క గుర్తు చాలు. ముడి తెగిన చోట పెన్సిలుతో చిన్న బాణం వేసి వదిలెయ్యండి. ఆ ఒక్క వాక్యం తిరగరాసుకుని వస్తే అప్పుడు మార్కు వెయ్యండి. స్పెల్లింగులూ టెన్సులూ ఇంకో రోజు, ఇంకో పేజీలో. అమ్మానాన్నలకి ఇది నచ్చదు, “తప్పులు దిద్దనే లేదేంటి మేడమ్” అని అడుగుతారు. మొదటి వారంలోనే వాళ్ళకి చెప్పి పెట్టుకోవడం మేలు.

నెలకోసారి పిల్లల చేతే దిద్దించండి. పేర్లు లేని మూడు జవాబులు, ఒక బలహీనం, ఒక మధ్యరకం, ఒక మంచిది. సీబీఎస్ఈ ఏటా శాంపుల్ పేపర్లతో పాటు మార్కింగ్ స్కీములు కూడా తన సైటులో పెడుతుంది, ఉచితమే. అది చేతికిచ్చి మార్కు వెయ్యమనండి, ఎందుకు వేశారో ఒక్క వాక్యంలో రాయమనండి. తన జవాబుని సమర్థించలేని పిల్ల ఎవరో రాసిన జవాబుకి మూడే ఎందుకు వేసిందో మాత్రం గట్టిగా వాదిస్తుంది. ఆ వాదనలో ప్రతిజ్ఞా, హేతువూ, ముడీ అన్నీ ఉంటాయి. దాన్ని అప్పటికప్పుడు చూపించాలి.

చివరిగా గడియారం. సీబీఎస్ఈ సోషల్ పేపరుకి మూడు గంటలు, 80 మార్కులు. మార్కుకి రెండుంపావు నిమిషాలు, ఐదు మార్కులకి పదకొండు. పిల్లాడి చేతివేగం తెలియకుండా ఈ లెక్క పనికిరాదు. తెలిసిన పేరా ఒకటిచ్చి ఐదు నిమిషాలు చూచి రాయించండి, మాటలు లెక్కపెట్టి ఐదుతో భాగించండి. నిమిషానికి 15 మాటలు వస్తే 120 మాటలకి ఎనిమిది నిమిషాలు, ఆలోచించడానికి మూడు. 12 వస్తే పది నిమిషాలు పోతాయి, ఒక్కటే మిగులుతుంది. అలాంటి పిల్లాడికి రెండో ఆధారం వదిలేసి, ఒకే ఆధారాన్ని ముడితో సహా పూర్తి చేసి, మిగిలినదాన్ని ఒక్క వరసలో చెప్పడం నేర్పాలి. ముడిలేని రెండు ఆధారాల కంటే అదే నయం. పేపరు ఇచ్చాక చదువుకోవడానికి దొరికే 15 నిమిషాల్లో రాయకూడదు గానీ, ఐదు మార్కుల ప్రశ్నలన్నిటికీ మొదటి వాక్యం మనసులో తయారు చేసుకోవచ్చు. పెన్ను పట్టగానే ఆ వాక్యాల్ని చివరి పేజీలో రెండేసి మాటల్లో గుర్తు పెట్టుకుని, తరవాత ఆ పేజీ మీద అడ్డంగా గీత కొట్టెయ్యాలి.